నిజాం పేరున్న విమానం, నేను వేసిన తప్పు రంగు

మొన్న వేసవి సెలవుల్లో నల్లజర్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని అట్ట, కొబ్బరి ఈనెలు, ఫెవికాల్‌తో ఒక విమానం చేశాను. అంతా అయ్యాక చూస్తే, బ్రిటిష్ విమానానికి ఫ్రెంచ్ గుర్తు వేసి కూర్చున్నా! రెండు రెక్కల పాత విమానాల మోడల్ చేయాలనుకునేవాళ్లకి నా తప్పు పనికొస్తుందని రాస్తున్నాను.

విమానం పేరు డీహెచ్.9ఏ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్. 1918లో బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ విమానాలకి డబ్బిచ్చింది మన హైదరాబాద్ నిజాం. అందుకే అది 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అయ్యింది. విమానాల మీద కూడా ఆయన కానుక అని రాశారు. వాటిలో ఎఫ్1010 అనేది 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, తర్వాత పోలండ్ చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కి బదులుగా లండన్ ఆర్‌.ఏ.ఎఫ్. మ్యూజియంకి వచ్చింది.

ఇక రిఫరెన్స్ సంగతి.

మొదటిది కొలతలు. రెక్కల వెడల్పు 14.01 మీటర్లు, పొడవు 9.22 మీటర్లు. 1/48 స్కేలులో అయితే 48తో భాగించండి: 29.2, 19.2 సెంటీమీటర్లు. అంటే రెక్క మన పెద్ద స్కేలు కంటే కొంచెం చిన్నది.

రెండోది, ఏ విమానమో సరిచూసుకోవడం. డీహెచ్.9, డీహెచ్.9ఏ ఒకటి కావు. 9ఏకి పెద్ద రెక్కలు, 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజను, ముక్కు దగ్గర పాత కారుకున్నట్టు చదునైన రేడియేటర్ ఉంటాయి. ఫోటో కింద రాసిన పేరు కాదు, ముక్కు చూడండి.

మూడోది పాత ఫోటోలు. నేను బోల్తా పడింది ఇక్కడే. ఆ కాలంలో ఎక్కువగా వాడిన ఫిల్ముకి ఎరుపు కనపడదు. అందుకే ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేవి. గుండ్రటి గుర్తు మధ్యలో నల్లగా ఉంటే నీలం అనుకున్నా, బయట లేతగా ఉంటే ఎరుపు అనుకున్నా. నిజానికి బ్రిటిష్ గుర్తులో మధ్యలో ఎరుపు, బయట నీలం. తిరగేస్తే ఫ్రాన్స్‌ది!

నాలుగోది మ్యూజియం విమానం. ఆకారానికి దాన్ని మించిన ఆధారం లేదు. కానీ తర్వాత బాగుచేసి నిలబెట్టిందది. రంగుకి దాన్నొక్కదాన్నే నమ్మకండి, పాత ఫోటోతో కలిపి చూడండి.

ఇంకో సంగతి. అక్షరాలు మరీ చిన్నవని నిజాం పేరు రాయకుండా వదిలేశాను. మా తమ్ముడు చూసి, "అన్నయ్యా, ఇందులో మనది అని ఏముందిరా?" అన్నాడు. ఆలోచిస్తే, నిజాం ఖజానా అంటే చివరికి రైతులు కట్టిన శిస్తే కదా! వాళ్ల పేర్లు ఎక్కడా లేవు, కనీసం ఆ ఊరి పేరైనా ఉంది. దాన్నే నేను వదిలేశాను.

దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఆ గుర్తు గీకేసి మళ్లీ రంగు వేస్తా. సన్నని బ్రష్ కొన్నాను, 'హైదరాబాద్' అని కూడా రాస్తా.