మారేడు ఫలము – పచ్చికాయ, పండు

ఇష్టలింగమును అరచేత నుంచుకొని అర్చించు కుటుంబములకు మారేడు దళమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. కాయ సంగతి అట్లు కాదు. శ్రీముఖలింగ క్షేత్రమునకును, శృంగవరపుకోట చెంతనున్న పుణ్యగిరికిని భక్తులు దళములు కొనిపోవుదురు. వేసవిలో పండి రాలిన ఫలములు మాత్రము చెట్టుక్రిందనే పగిలి చీమల పాలగుట సామాన్యము.

పండ్లన్నిటిలో పక్వమైనదే గుణవంతమనియు, మారేడు విషయమున మాత్రము పచ్చికాయయే గుణాధికమనియు భావమిశ్రుడు భావప్రకాశమున చెప్పెను. చరకసంహిత సూత్రస్థానమున సంగ్రాహక, దీపన, వాతకఫ శమన ద్రవ్యములలో బిల్వమునకు శ్రేష్ఠస్థాన మీయబడినది. సంగ్రాహకమనగా విరేచనములను కట్టునది. దీపనమనగా జఠరాగ్నిని రగుల్చునది. పండిన మారేడు అరుగుట కష్టమనియు, దుర్గంధ వాయువును పుట్టించుననియు ఆ గ్రంథమే హెచ్చరించినది. ఒకే చెట్టు ఫలము పచ్చిదైనప్పుడు ఒక విధముగను, పండినప్పుడు వేరొక విధముగను పనిచేయుననుట ఇందలి కీలకము.

పచ్చికాయలోని వగరు ప్రేవులను బిగియించును. అందుచేతనే దీర్ఘకాలపు గ్రహణియందును, అతిసారమునందును వైద్యులు దాని గుజ్జు చూర్ణమును మజ్జిగతో ఇత్తురు. రక్తాతిసారమున బెల్లముతో నిచ్చుట ప్రాచీన సంప్రదాయము. మలబద్ధకము కలవారికి ఇది తగదు. పండు గుజ్జు మృదువిరేచనకారి గనుక వారికి అదియే మేలు, అదియును మితముగా. సరిహద్దున కావలనున్న ఒరియా వారు మేష సంక్రాంతినాడు పండిన మారేడు గుజ్జుతో బెల్లము, అరటిపండు, కొబ్బరి, మిరియములు చేర్చి బేల పణా అను పానకము చేయుదురు. మఠములలో వేసవి దాసోహమునకు ఇది ఎంతయు తగినది. దశమూలములలో మారేడు వేరు ఒకటి. కాని వేరు త్రవ్విన చెట్టే పోవును గనుక గృహస్థులు ఆ పనికి పూనుకొనరాదు.

వానకాలమున వంశధార, నాగావళి పొంగి బావులలో మురికినీరు చేరినప్పుడు విరేచనములు ప్రబలును. అట్టి సమయమున శివునికి ప్రియమైనదను భక్తితో బిడ్డకు పండిన మారేడు పానకము పట్టినచో వ్యాధి హెచ్చును. పచ్చికాయ చూర్ణమైనను దేహము కోల్పోయిన నీటిని తిరిగి ఈయజాలదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుటయే మొదటి చికిత్స. ఆసుపత్రి పొట్లము దొరికినచో అదియే ఉత్తమము. కన్నులు లోతుకుపోయినను, మూత్రము ఆగినను, మలమున రక్తము కనబడినను ఇంటివైద్యము మాని తక్షణము వైద్యుని కడకు కొనిపోవలెను. దేహమును దేవాలయముగా దర్శించిన బసవేశ్వరుని అనుయాయులు ఈ విషయమున ఆలస్యము చేయుట ఏ భక్తికిని చెల్లదు. మధుమేహమునకు మందులు వాడువారును, గర్భిణులును వైద్యుని అడుగక చూర్ణము పుచ్చుకొనరాదు. మోతాదు నిర్ణయింపవలసినవాడును అతడే.

కార్తిక మార్గశీరములలో దళములు కోయునప్పుడే కొన్ని పచ్చికాయలను కోసి, పెంకు పగులగొట్టి, గుజ్జును పలుచని బిళ్ళలుగా తరిగి ఎండబెట్టుకొనవచ్చును. ఈ ప్రాంతమున సముద్రపు గాలి చెమ్మ హెచ్చు గనుక మూత గట్టిగానుండు గాజు సీసాలో నుంచవలెను. బూజు పట్టిన బిళ్ళలను కడిగి వాడరాదు, పారవేయవలెను.