ముక్కు ఒకవైపే మూసుకుపోతే



జలుబు చేస్తే ముక్కు మూసుకుపోతుంది. పది రోజుల్లో తగ్గుతుంది. ఇది మనకు తెలిసిందే. కానీ ఒకవైపు ముక్కే వారాల తరబడి మూసుకుపోతే? ఆ వైపు నుంచే నెత్తురు పడుతుంటే? అది ఉత్త జలుబు కాకపోవచ్చు.

ముఖంలో గూళ్లు

మన ఇంటి గోడలో గూళ్లు ఉంటాయి కదా! అలాగే ముఖం ఎముకల్లో గాలి గూళ్లు ఉన్నాయి. ఇవి బుగ్గల్లో, నొసట్లో, కళ్ల మధ్య ఉంటాయి. వీటినే సైనస్‌లు అంటారు. ముక్కులో, ఈ గూళ్లలో అరుదుగా క్యాన్సర్ గడ్డ పుడుతుంది. గూడు ఖాళీ కదా, గడ్డ లోలోపలే పెరుగుతుంది. మొదట్లో నొప్పి తెలియదు. అందుకే చాలామంది ఆలస్యంగా ఆసుపత్రికి వస్తారు.

ఎందుకు వస్తుంది?

ఇంగ్లాండులో హై వికోమ్ అనే ఊరుంది. అక్కడ ఒకప్పుడు కుర్చీల పని ఎక్కువగా ఉండేది. ఆ పనివాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా ఉందని ఎస్మే హాడ్‌ఫీల్డ్ అనే డాక్టరమ్మ గమనించింది. 1968లో ఆమె, తోటి డాక్టర్లు ఈ సంగతి లోకానికి చెప్పారు. ఏళ్ల తరబడి కట్టె పొట్టు పీల్చడం ప్రమాదమని తేలింది. తోలు దుమ్ము, బీడీ పొగ కూడా ప్రమాదమే. ఇవేవీ లేనివారికీ ఈ జబ్బు రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు.

మీ ఇంట్లో వడ్రంగి పని ఉందా? పొట్టు తడిపి ఊడ్వండి. పనిచేసేవారిని మాస్కు పెట్టుకోమనండి.

గుర్తులు

- ఒకవైపు ముక్కు దిబ్బడ, నెత్తురు
- బుగ్గ వాపు, తిమ్మిరి
- పై పళ్లు కదలడం
- కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనబడడం

మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. కూలి పోతుందని, ఇంటి పని ఉందని వాయిదా వేయకండి.

వైద్యం

డాక్టరు సన్నని గొట్టంతో ముక్కులోకి చూస్తారు. స్కానింగ్ తీయిస్తారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందని భయపడకండి. ఆ పరీక్ష లేకుండా అది ఏ జబ్బో తేలదు.

ఎక్కువమందికి ఆపరేషన్ చేసి గడ్డ తీస్తారు. తర్వాత చాలామందికి కరెంటు పెడతారు. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 6 వారాలు పడుతుంది. కొందరికి మందులు కూడా ఎక్కిస్తారు. మధ్యలో మానితే జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు. అంగిలి తీయాల్సి వస్తే పళ్ల సెట్టులాంటి మూత అమరుస్తారు. దానితో తినవచ్చు, మాట్లాడవచ్చు.

బతుకుతారా?

అమెరికా లెక్కలు చూడండి. గడ్డ పుట్టినచోటే ఉండగా పట్టుకుంటే, 100 మందిలో 80 మందికి పైగా 5 ఏళ్లు దాటి బతికారు. దూరం పాకాక వచ్చినవారిలో సగం మంది కూడా లేరు. తేడా చూశారా?

ఎక్కడికి పోవాలి?

కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లు ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. అక్కడినుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రాయించుకోండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. అందులో క్యాన్సర్ వైద్యం ఉంది. కార్డులు వెంట తీసుకుపోండి.

చెప్పండి

1. ఈ జబ్బు ఆలస్యంగా ఎందుకు బయటపడుతుంది?
2. కరెంటు వైద్యం మధ్యలో ఎందుకు మానకూడదు?
3. మీ వీధిలో ఎవరికైనా ఈ గుర్తులు ఉంటే ఏం చెబుతారు?