పండుగ సందడిలో వినికిడి తగ్గిన పెద్దలు

దీపావళినాడు చెన్నైలోని తెలుగు ఇళ్లలో తెల్లవారకముందే తలంట్లు మొదలవుతాయి. ఎదురుపడినవారు ఈ ఊరి మర్యాద ప్రకారం "గంగాస్నానం అయిందా?" అని పలకరించుకుంటారు. పది గంటలయ్యేసరికి నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన బంధువులతో ముందుగది నిండిపోతుంది. వంటింట్లో మిక్సీ, గోడకు టీవీ, నెత్తిన ఫ్యాను, వీధిలో వేళ దాటినా ఆగని టపాకాయలు. ఆ సందడి మధ్య కూర్చున్న తాతగారు అడిగినదానికి పొంతనలేని జవాబిస్తారు. అందరూ నవ్వితే తానూ నవ్వుతారు. కాసేపటికి లేచి లోపలి గదిలోకి వెళ్లిపోతారు. "పెద్దాయనకు మతిమరుపు మొదలైంది" అని ఇంటివారు అనుకుంటారు. చాలాసార్లు అసలు సంగతి వినికిడి.

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులతో మొదలవుతుంది. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ, త వంటి హల్లుల తేడా జారిపోతుంది. "మాట వినబడుతోంది గాని ఏమిటో తెలియడం లేదు" అని పెద్దలు అనేది ఇందుకే. విస్తరి ముందు "పాలా?" అన్నది "చాలా?" అని వినిపించి తల ఊపుతారు. నిశ్శబ్దమైన గదిలో పెదవుల కదలిక, సందర్భం ఈ లోటును పూరిస్తాయి. నలుగురు ఒకేసారి మాట్లాడుతుండగా, పలకల నేల నుంచీ బోసి గోడల నుంచీ ప్రతిధ్వని తోడైతే ఆ ఆసరా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 25 శాతానికి పైగా జనానికి నిత్యజీవితానికి అడ్డువచ్చేటంత లోపం ఉంది.

వలస వచ్చిన కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. రణగొణధ్వనిలో మాతృభాషను ఊహించి అందుకున్నంత సులువుగా తర్వాత నేర్చిన భాషను అందుకోలేరు. మనవడు తమిళంలో మొదలుపెట్టి, ఇంగ్లీషు కలిపి, తెలుగులో ముగించిన వాక్యం అమ్మమ్మకు చెవివల్ల సగం, భాషవల్ల సగం పోతుంది. ఆమెతో తెలుగులోనే మాట్లాడమనడం భాషాభిమానం కాదు, వినిపించే ఉపాయం.

పెద్దలను వంటింటికీ టీవీకీ దూరంగా, వెనుక గోడ ఉండేచోట కూర్చోబెట్టాలి. కిటికీ వారి వెనుక ఉంటే వెలుతురు మాట్లాడేవారి ముఖాలపై పడుతుంది. ఎవరూ చూడని టీవీని ఆపివేయాలి. వరుసపెట్టి పిలిచి, చూపు కలిశాకే మాట మొదలుపెట్టాలి. అరవడంవల్ల ప్రయోజనం లేదు. అచ్చులే సాగి బిగ్గరవుతాయి, పైగా ముఖం కోపంగా కనిపిస్తుంది. మొదటిసారి అందని వాక్యాన్ని మాటలు మార్చి చెప్పాలి. సంభాషణ మలుపు తిరిగినప్పుడు పక్కనున్నవారు "ఇప్పుడు పెళ్లి సంగతి" అని అందిస్తే చాలు. అన్నిటికంటే నొప్పించేది "ఏం లేదులే, వదిలేయండి" అనే మాట. పెద్దలు కూడా ఊరికే ఊకొట్టకుండా "శనివారం అన్నావు, ఎన్ని గంటలకు?" అని విన్నంత చెప్పి మిగిలినది అడగడం మేలు.

వినికిడి యంత్రం ఉన్నవారు తలంటుకు ముందు దాన్ని తీసి, చెవి పూర్తిగా ఆరాక తిరిగి పెట్టుకోవాలి. పండుగనాడు అది సాయంత్రం దాకా బీరువాలోనే ఉండిపోవడం మామూలే! కొత్తగా కొన్నవారు పండుగకు కొన్ని వారాల ముందునుంచే అలవాటు చేసుకోవాలి. రద్దీలో ఒక్క గొంతును మాత్రమే ఏరి వినిపించే శక్తి యంత్రానికి పూర్తిగా లేదు. తమిళనాడులో ఇటీవలి సంవత్సరాలలో టపాకాయలకు అనుమతించిన వేళలు ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. ఆ సమయంలో పెద్దలు లోపల ఉండటం మంచిది. టపాకాయ పేలాక చెవి హోరెత్తినా, హఠాత్తుగా వినికిడి పోయినా నూనె పోయక, రోజులు గడవనీయక వైద్యునికి చూపించాలి.

సెంట్రల్ స్టేషన్ సమీపంలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనూ, స్టాన్లీ, కీళ్పాక్కం ఆసుపత్రులలోనూ చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. కొందరికి గుబిలి తీసివేస్తేనే వినికిడి తేటపడుతుంది. శబ్దాలతో చేసే పరీక్షకు భాషతో పని లేదు. మాటలతో చేసే పరీక్షలో తమిళ పదాలు పలికితే, తెలుగు మాత్రమే తెలిసినవారికి ఫలితం తప్పుగా రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పాలి. తోడు వెళ్లినవారు ప్రశ్నను తెలుగులో అందించి, జవాబు మాత్రం పెద్దలనే చెప్పనివ్వాలి.