పాత కారు ఇంజను: విప్పకయే శుభ్రపఱచుట

మన పాఠశాల బాలబాలికల తండ్రులలో పలువురు పాత కార్లు నడుపుచున్నారు. కొందఱకు అదియే జీవనాధారము. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో కొత్త చప్పుడు వినబడినంతనే వారికి గుండె దడ పుట్టును. ఇంజను విప్పించుటయనగా వేలకొలది రూపాయల మాట. అన్నాళ్ళు బండిపై రాబడియు ఉండదు. విప్పకయే శుభ్రపఱచు మార్గమున్నదా యని మమ్ము అడిగినవారు కలరు. ఉన్నది గాని, అది తొందర మార్గము కాదు. తొందరపడి మేమే ఒక పర్యాయము చిక్కులో పడితిమి.

మాది పాత సాంట్రో. 1998లో మన చెన్నపురి చేరువనే, ఇరుంగాట్టుకోట్టై కర్మాగారమున మొదట తయారైన కారు ఈ రకమే. నూనె మార్పించుటలో కొన్నేండ్లు అశ్రద్ధ చేసి, పిదప ఒక మెకానిక్కు మాటపై, ఉన్న నూనెలో కిరసనాయిలు కలిపి, ఇంజను నడిపించి కడిగించితిమి. నల్లని మడ్డి ధారకట్టి వెడలుట చూచి సంతసించితిమి కూడ! నాలుగు దినములు గడువకముందే నూనె పీడనమును తెలుపు ఎఱ్ఱదీపము వెలిగెను. తక్షణమే బండి నిలిపితిమి గనుక బేరింగులు దక్కినవి. అడుగుతొట్టి విప్పి చూడగా, నూనెను పీల్చు జల్లెడ మడ్డిపెళ్లలతో పూడిపోయి యున్నది. కిరసనాయిలు మడ్డిని కరగింపక పెళ్లలుగా ఊడదీసినది. పైగా కిరసనాయిలు కలిసిన నూనె పలుచనై, లోహముల నడుమ నిలువవలసిన పొరను నిలుపజాలదు. తప్పు మెకానిక్కుది మాత్రమే యనుట న్యాయము కాదు. ఆ మడ్డిని పేర్చినది మేమే.

ఈ మడ్డి ఎట్లు పుట్టును? ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. పిల్లలకు ఈ మాట చెప్పినపుడు వారు నమ్మరు. అందులో చాలభాగము పొగగొట్టము గుండ పోవును. కొంచెము పిస్టను రింగుల సందులనుండి దిగి నూనెలో చేరును. ఇంజను బాగుగా వేడెక్కి కొంతసేపు నడచినచో ఆ తేమ తొలగును. ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి మాత్రము తిరుగు బండి వేడెక్కకముందే ఆగును. మౌంటు రోడ్డు రద్దీలోనో, కిలోమీటర్ల లెక్క కదలకున్నను ఇంజను తిరుగుచునే యుండును. వేడికి నూనె ప్రాణవాయువుతో కలిసి చిక్కబడును. మసి, తేమ, మండని పెట్రోలు దానికి తోడై జిగురగును.

మంచి నూనెలోనే మలినమును కడుగు ద్రవ్యములును, కడిగిన మసిని పేరుకొననీయక తేల్చి ఉంచు ద్రవ్యములును కలవు. కనుక నూనె నల్లబడుటనుబట్టియే అది చెడినదని తలపరాదు. అది తన పని చేయుచున్నదనియు అర్థము కావచ్చును. మార్గమిదియే: పుస్తకమున పదివేల కిలోమీటర్లకు నూనె మార్చుమని యున్నచో, నాలుగైదు వేలకే మార్చవలెను. ఇట్లు రెండు మూడు సారులు, ప్రతిసారియు కొత్త ఫిల్టరుతో. మలినము కొంచెము కొంచెముగా కరగి ఫిల్టరులో చిక్కును, తక్కినది పాత నూనెతో వెలుపలికి పోవును. పొగ తగ్గునను ఆశతో పుస్తకమునకు విరుద్ధముగా మిక్కిలి చిక్కని నూనె పోయుట తగదు. ఉదయము ఇంజను ప్రారంభించినపుడు అది పై భాగములకు ఆలస్యముగా చేరును. ఇంజనులోని ఆవిరులను వెడలించు పీసీవీ వాల్వు స్వల్ప వస్తువే గాని, అది పూడినచో మడ్డి మరల పేరుకొనును.

అమెరికాలో ఇర్వ్ గోర్డను అను సైన్సు ఉపాధ్యాయుడు 1966లో కొన్న వోల్వో కారును 2013 నాటికి ముప్పది లక్షల మైళ్ళు, అనగా ఇంచుమించు 48 లక్షల కిలోమీటర్లు నడిపెను. మూడువేల పైచిలుకు మైళ్ళకొకమారు నూనె మార్చుట ఆయన వాడుక. ఇంజను విప్పుట ఆయనకును తప్పలేదు. కాని మొదటిసారి విప్పినది 6,80,000 మైళ్ళకు!

ఇంధన మార్గమునకు, పెట్రోలు తొట్టిలో పోయు పాలీఈథరమీను గల ద్రావకములు మంచివి. అవి ఇంజెక్టర్లను శుభ్రపఱచును. పెట్రోలును నేరుగా సిలిండరులో చిమ్ము కొత్తరకపు ఇంజనులలో మాత్రము గాలి లోపలికి వచ్చు వాల్వులకు పెట్రోలు తగులదు, కావున వాటిపై మసి పోదు. రేడియేటరులో గొట్టపుబావి నీరు పోయరాదు. లోన సున్నపు పొర కట్టును. కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయవలెను.

2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోను మన నగరమున కార్లనేకము మునిగినవి. మునిగిన బండి తాళము త్రిప్పరాదు. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరున్నచో పిస్టను కడ్డీ వంగును.

శుద్ధికి వ్యయము చేయుటకు ముందు కంప్రెషను పరీక్ష చేయింపుడు. పీడనము తక్కువగా ఉన్నచో సిలిండరులో కొంచెము నూనె వేసి మరల చూడవలెను. అపుడది పెరిగినచో రింగులో సిలిండరో అరిగినవని గ్రహింపవచ్చును. అరిగిన లోహమును ఏ ద్రావకమును తిరిగి తేజాలదు. అట్టి బండికి సీసాలు కొనక, ఆ ధనమును మరమ్మతుకై దాచుట మేలు.

మా సాంట్రో ఈ పరీక్షలో నెగ్గినది. మూడవ మార్పు పిదప నూనె పోయు మూత తీసి, దీపము పట్టి చూచితిమి. నల్లని జిగురున్న చోట లోహపు రంగు కనబడుచున్నది. మూలలలో మాత్రము కొంత మిగిలినది.