పళ్ళు పొడుగవుతాయా?

కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలి వచ్చింది. అక్కడికి బత్తాయిలు తెచ్చే ఒక తాతయ్యను ఊహించుకోండి. మనవడు ఒలిచి ఇచ్చిన తొనను నోట్లో వేసుకోగానే, "అబ్బ! పళ్ళు జివ్వుమంటున్నాయిరా" అన్నాడు తాతయ్య. మనవడు దగ్గరగా చూశాడు. పాత ఫోటోలో కంటే తాతయ్య పళ్ళు పొడుగ్గా ఉన్నాయి!

"తాతా, నీ పళ్ళు ఇంకా పెరుగుతున్నాయా?"

పిల్లలూ, మీరేమంటారు? పెరిగినవి పళ్ళు కావు, తరిగినది చిగురు. వాగు ఒడ్డున మట్టి కొట్టుకుపోతే చెట్టు వేళ్ళు బయటపడతాయి కదా! ఇదీ అలాంటిదే.

జివ్వుమనడం ఎందుకు?

పంటిలో పైకి కనిపించే భాగం మీద పింగాణి పొర ఉంటుంది. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. చిగురు కింద దాగిన దంతమూలానికి ఆ కవచం లేదు. దాని మీద ఉండేది సిమెంటం అనే పలుచని పొర మాత్రమే. అది అరిగితే లోపలి డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్ నిండా కంటికి కనబడని సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చల్లనిదో, పుల్లనిదో తగిలితే ఆ ద్రవం కదులుతుంది. లోపలి నాడులు వెంటనే పసిగడతాయి. అదే జివ్వుమనడం!

చిగురు ఎందుకు తరుగుతుంది?

మొదటి కారణం పాచి. పాచి అంటే పళ్ళకు అంటుకున్న బాక్టీరియాల పొర. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో హారాల్డ్ లోయె బృందం చేసిన ప్రయోగం 1965లో వెలువడింది. అందులో 12 మంది పళ్ళు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో వాపు తగ్గిపోయింది.

పాచిని అలాగే వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. వాపు లోతుకు పాకితే, పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. దానితోపాటే చిగురూ దిగజారుతుంది.

రెండో కారణం వింతైనది: మరీ గట్టిగా తోమడం! బిరుసు బ్రష్షుతోనో, ఇటుకపొడితోనో, బొగ్గుపొడితోనో అడ్డంగా రుద్దితే చిగురు ఒరుసుకుపోతుంది. మన తాతయ్య చేసిన పొరపాటు ఇదే. పళ్ళు జివ్వుమన్నకొద్దీ, శుభ్రం చాలలేదనుకుని ఇంకా గట్టిగా రుద్దాడు.

పొగాకు మూడో శత్రువు. చుట్ట, బీడీ కాల్చేవారి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది. అందువల్ల జబ్బు ఉన్నా బయటికి తెలియదు.

ఏం చేయాలి?

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వాచిన చిగురు బాగవుతుంది. తరిగిపోయిన చిగురు మాత్రం దానంతట అది తిరిగి పెరగదు. కనుక ముందే మేలుకోవాలి.

మెత్తని బ్రష్షును చిగురు అంచున ఏటవాలుగా ఆనించి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు సున్నితంగా తోమండి. రక్తం వచ్చిందని తోమడం మానకండి. కొద్ది రోజుల్లో తగ్గకపోతే దంతవైద్యునికి చూపించండి. పుల్లని పండ్లు తిన్న వెంటనే తోమకండి. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగండి.

"గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అంటారు కొందరు. అది నిజం కాదు. ఎముక కరగడం వల్లనే పన్ను వదులవుతుంది. గార తీశాక ఆ సంగతి బయటపడుతుంది, అంతే. చిగురు బాగా తరిగినచోట వైద్యులు అంగిలి నుంచి కొంత కణజాలం తీసి అతకగలరు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్యశాల ఉంది.

మీరూ చూడండి

రేపు ఉదయం వెలుతురులో అద్దం ముందు నిలబడి మీ చిగుళ్ళను చూసుకోండి. ఎర్రగా ఉబ్బి ఉన్నాయా? తోమితే రక్తం వస్తోందా? ఏదైనా పన్ను పక్కపంటికంటే పొడుగ్గా కనిపిస్తోందా? తరువాత మీ బ్రష్షును చూడండి. కుచ్చు రెండు పక్కలకూ విచ్చుకుపోయి ఉంటే, మీరూ తాతయ్యలాగే రుద్దుతున్నారన్నమాట!