ఆయాసం: ఇంటి వైద్యానికి హద్దు ఎక్కడ?

మహానంది కోనేటిలో తెల్లవారుజామున స్నానమాచరించి మెట్లెక్కే యాత్రికునికి కొద్దిపాటి ఆయాసం కలగడం సహజం. నాలుగు నిమిషాలు కూర్చుంటే అది తీరిపోతుంది. కూర్చున్నా తీరని ఆయాసం, పడుకోనివ్వని ఆయాసం, మాటను మధ్యలో తుంచివేసే ఆయాసం వేరు. ఈ భేదం ఎరిగిన ఇంట ప్రాణం దక్కుతుంది. మహానంది నుండి నంద్యాలకు సుమారు పదిహేను కిలోమీటర్లు. నల్లమల అంచు పల్లెలకు దూరం ఇంకా ఎక్కువ. కనుక "మరో గంట చూద్దాం" అనుకునే వేళ ప్రయాణ కాలాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

శాస్త్రం చెప్పినది

చరక సంహిత చికిత్సా స్థానం 17వ అధ్యాయం ఎక్కిళ్లను, శ్వాస రోగాలను వివరిస్తుంది. ప్రాణాంతక వ్యాధులు ఎన్ని ఉన్నా, వీటివలె శీఘ్రంగా ప్రాణం హరించేవి లేవని అందులోని అభిప్రాయం. శ్వాస రోగం ఐదు విధాలు: మహాశ్వాసం, ఊర్ధ్వశ్వాసం, ఛిన్నశ్వాసం, తమకశ్వాసం, క్షుద్రశ్వాసం. శ్రమ వలన కలిగే క్షుద్రశ్వాసం సాధ్యం. ఉబ్బసమని మనమనే తమకశ్వాసం ముదిరితే యాప్యం, అనగా పథ్యౌషధాలతో అదుపులో ఉంచదగినది. తక్కిన మూడూ అసాధ్యాలు. అంటే ఔషధానికి హద్దు గీసినవారు మన ఆచార్యులే. ఆనాడు ఆశ వదులుకున్న స్థితిలోని రోగులను ఎందరినో నేడు ప్రాణవాయువు, సూదిమందులు, కృత్రిమ శ్వాసయంత్రాల సాయంతో బ్రతికించగలుగుతున్నారు. ఆ సాయం వంటింట్లో లభించదు.

ఊపిరి లెక్కించడం

రోగి కదలక, బిడ్డ ఏడవక ఉన్నప్పుడు గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. రొమ్ము లేదా పొట్ట ఒకసారి లేచి పడితే ఒక శ్వాస. విశ్రాంతిలో ఉన్న పెద్దలకు 12 నుండి 20 వరకు సహజం. 25 దాటితే అదే రోజు వైద్యునికి చూపాలి. 30 దాటితే అత్యవసరం.

దగ్గు, ఆయాసం ఉన్న పిల్లలలో రెండు నెలలలోపు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50, ఏడాది నుండి ఐదేళ్లలోపు 40, లేక అంతకు మించి ఉంటే న్యుమోనియాగా అనుమానించాలి. డొక్కలెగరవేస్తుంటే లెక్క కోసం కూడా ఆగరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

1. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం.
2. పెదవులు, నాలుక నీలంగా లేక బూడిద రంగుగా మారడం.
3. శ్వాసతో పాటు డొక్కలు, గొంతు గుంట లోనికి పోవడం. పసిబిడ్డ పాలు త్రాగలేక మూలగడం.
4. మగత, తికమక మాటలు.
5. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో బరువు, చల్లని చెమటలు.
6. ఆహారం, మందు లేక కందిరీగ కాటు తరువాత ముఖం, నాలుక వాచి ఊపిరాడకపోవడం.
7. నేలపై నిద్రించినవారికి కనురెప్పలు వాలి, మ్రింగుడు పడక, ఊపిరి బరువెక్కడం. ఇది కట్లపాము కాటు కావచ్చు. ఆ కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు.
8. ఆక్సీమీటరులో 92 లేక అంతకంటే తక్కువ కనిపించడం. అంకె బాగున్నా పై లక్షణాలుంటే లక్షణాలనే నమ్మాలి.

ఉబ్బస రోగిలో మరొక మోసం ఉంది. అవస్థ తగ్గకుండానే పిల్లికూతలు ఆగిపోతే మేలు జరిగిందని సంతోషించరాదు. కూత పుట్టేందుకు చాలినంత గాలి కూడా ఆడడం లేదని దాని అర్థం.

రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో కఫ పరీక్ష ఉచితం. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, పాదాల వాపు ఉంటే గుండె పరీక్ష అవసరం. బేతంచెర్ల వంటి చోట్ల రాతి ధూళిలో పనిచేసేవారు క్రమంగా పెరిగే ఆయాసాన్ని వయసు మీద నెట్టివేయరాదు.

ఇంటి వైద్యం ఎంతవరకు?

పై లక్షణాలేవీ లేని జలుబు, దగ్గులకు తులసి, అల్లం, మిరియాల కషాయం గోరువెచ్చగా పుచ్చుకోవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. కర్పూరం ముక్కు దగ్గర పెట్టరాదు, ఒంటికి రాయరాదు. డొక్కలపై వాతలు పెట్టించడం బిడ్డకు మరో గాయం చేయడమే. ఉబ్బసం ఉన్న ఇంట సాంబ్రాణి పొగ తగదు. కషాయం త్రాగుతున్నామని ఇన్‌హేలరు మానరాదు.

ఆసుపత్రికి చేరేలోగా

108కి ఫోను చేయండి. రోగిని పడుకోబెట్టక, కాస్త ముందుకు వాలేటట్లు కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. చుట్టూ మూగకండి. నోట ఏమీ పోయకండి. ఇన్‌హేలరు ఉంటే వైద్యుడు లోగడ చెప్పిన మోతాదులో వాడించండి. వాడుతున్న మందులన్నీ వెంట తీసుకువెళ్లండి.

పొయ్యి మీద కషాయం పెట్టే ముందు ఒక్క నిమిషం రోగి ఊపిరి లెక్కించండి. పొయ్యి వెలిగించాలో, బండి పిలవాలో ఆ నిమిషమే చెబుతుంది.