భాగస్థుల వ్యాపారము: రిజిస్టరీ లేని చిక్కులు

మన రైతులు నలుగురైదుగురు కలిసి, పండిన వడ్లను వేరుసెనగను తామే ఆడించి అమ్ముటకు మిల్లులు పెట్టుట మెచ్చదగిన పని. ఎరువుల సంగతి చెప్పవలసినవాడు చట్టము చెప్పనేల యని చదువరులు నన్నడుగవచ్చును. చేతికి వచ్చిన పంట కాగితము లేక చేజారుట చీడపట్టి పోవుటకంటె తక్కువ నష్టము కాదు.

ఇట్టి వ్యాపారములకు 1932 సంవత్సరపు భారత భాగస్వామ్య చట్టము వర్తించును. రిజిస్టరీ చేసితీరవలెనని ఈ చట్టము నిర్బంధింపదు. చేయకుండుట నేరమును కాదు. జనులు ఏమరుచుట ఇచ్చటనే. 69వ సెక్షను ప్రకారము రిజిస్టరు కాని ఫర్ము, ఒప్పందమును బట్టి తనకు రావలసిన సొమ్మునకై బయటివారిపై దావా వేయజాలదు. నూరు రూపాయలకు మించని దావాలకు మినహాయింపు కలదు గాని, నేటి దినములలో దానివలన ఒరుగునదేమి?

నలుగురు రైతులు నూనెమిల్లు పెట్టిరనుకొందము. పట్టణపు వర్తకుడొకడు రెండు లక్షల రూపాయల నూనె అరువు తీసికొనిపోయి, నేడు రేపని త్రిప్పుచున్నాడు. వీరు కోర్టుకెక్కినచో, ఫర్ము రిజిస్టరైనదా యని అతని వకీలు ఒక్క ప్రశ్న వేయును, దావా నిలువదు. తరువాత రిజిస్టరు చేయించినను ఆ దావాకు ప్రాణము రాదు, మరల క్రొత్తది వేయవలెను. అరువు సరుకు వెలకు సామాన్యముగా మూడేండ్లే గడువు గనుక, ఈలోగా అదియు దాటిపోవచ్చును. యంత్రమును వీరికి అరువిచ్చినవాడు మాత్రము వీరిపై నిరాటంకముగా దావా తేవచ్చును. పావలా వాటా గలవాడు పావలా అప్పునకే బాధ్యుడనుకొనుటయు పొరపాటే. 25వ సెక్షను వలన ప్రతి భాగస్థుడును ఫర్ము యొక్క మొత్తము అప్పునకు బాధ్యుడు. తక్కిన ముగ్గురికి ఆస్తి లేనిచో, నాలుగవవాని పొలముమీదికి డిక్రీ రావచ్చును.

తగవుపడి యొకడు తన లెక్క తీర్చుకొని వెడలిపోయినంతమాత్రమున విడుదల కలుగదు. అతడు భాగస్థుడని యెరిగి వ్యవహరించువారి యెడల, బహిరంగ ప్రకటన జరుగువరకు బాధ్యత సాగును. ఆ ప్రకటన రాజపత్రమునందును, ఆ జిల్లాలో చదువబడు ఒక దేశభాషా పత్రికయందును పడవలెను; ఫర్ము రిజిస్టరైనదైనచో రిజిస్ట్రారునకును నోటీసు పంపవలెను.

ముద్దుకొలది మైనరు కుమారుని వాటాలో చేర్చు తండ్రులు 30వ సెక్షను నెరుగుట మంచిది. ఆ బాలుడు మేజరైన పిదప ఆరు నెలలలో తన నిశ్చయమును ప్రకటింపవలెను. మిన్నకున్నచో భాగస్థుడగును, చేరిన నాటినుండి ఫర్ము చేసిన అప్పులన్నిటికిని బాధ్యుడగును.

స్టాంపు కాగితముపై వ్రాసికొన్న భాగస్వామ్య పత్రము గాని, పంచాయతి లైసెన్సు గాని, జి.ఎస్.టి. నంబరు గాని ఈ రిజిస్టరీకి బదులు కావు. ఫర్ము పేరు, వ్యాపారస్థలము, భాగస్థుల పూర్తి పేర్లు, చిరునామాలు, ఒక్కొక్కరు చేరిన తేదీ, ఫర్ము యొక్క కాలపరిమితి చూపు దరఖాస్తుపై అందరును సంతకములు చేసి, రుసుముతో ఫర్ముల రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెను. మొదటి అరువు సరుకు మిల్లు దాటక పూర్వమే ఈ పని ముగియుట యుక్తము.